ఐదో కంచం



ఈ వారం పొయ్యి దగ్గర కూర్చుని మాట్లాడుకుందాం. కొన్ని నెలలుగా ప్రార్థన కోసం మా ఇంటికి వచ్చే స్త్రీలలో చాలామంది చెప్పే భారం ఒక్కటే. "ఈ ధరల్లో ఇంటిల్లిపాదికీ ఏం వండిపెట్టాలి అమ్మగారూ? తక్కువ ఖర్చులో అయ్యే మంచి వంటలు ఏమైనా ఉంటే చెప్పండి" అని అడుగుతున్నారు. పప్పు కొంటే నూనెకు చాలదు, నూనె కొంటే కూరగాయలకు చాలదు. గ్రూపు కిస్తీ కట్టేసరికి చేతిలో మిగిలేది ఆటో చార్జీలే. ఇది మాకు తెలియని బాధ కాదు. సేవకు వచ్చిన మొదటి ఏళ్ళలో మా పొయ్యి కూడా మీరు తెచ్చిన గుప్పెడు బియ్యంతోనే వెలిగింది.

అందుకే మాకు తెలిసిన వంటలు కొన్ని ఇక్కడ రాస్తున్నాం. అయితే వాటికంటే ముందు, మేమిద్దరం చేసిన ఒక తప్పు మీ ముందు ఒప్పుకోవాలి. అది ఒప్పుకోకుండా వంటలు మాత్రమే చెబితే, మళ్ళీ అదే తప్పు చేసినవాళ్ళం అవుతాం.

మన సంఘంలో ఒక చెల్లి ఉంది. పేరు చెప్పం. ఇది రాయడానికి ఆమె దగ్గర అనుమతి తీసుకున్నాం. భర్త, ఇద్దరు పిల్లలు, అత్తగారు, తను, మొత్తం ఐదుగురు. మిరప కోతల రోజుల్లో తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి వండి, అందరికీ క్యారేజీలు కట్టి, ఆరింటికల్లా ఆటో ఎక్కుతుంది. ఆ ఇంట్లో పిల్లలు ఏనాడూ ఆకలితో బడికి పోలేదు. అప్పు చేసి సరుకులు తెచ్చిన రోజు లేదు. మేము చూసి ముచ్చటపడ్డాం. ఒక ఆదివారం ఆరాధనలో, అందరి ముందూ, "ఇంత తక్కువ రాబడిలో ఐదుగురిని ఎలా పోషిస్తుందో ఈ చెల్లిని చూసి నేర్చుకోండి" అని చెప్పాం. చప్పట్లు కూడా కొట్టించాం.

ఆ తర్వాత రెండు నెలలకు, ఆదివారం పాట పాడుతుండగా, నిలబడిన చోటే ఆ చెల్లి కూలబడిపోయింది. ఎండ దెబ్బ అనుకున్నాం. ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్తే రక్తపరీక్ష చేశారు. పన్నెండు ఉండాల్సిన హిమోగ్లోబిన్ ఏడు దగ్గర ఉంది. "ఏం తింటున్నావమ్మా?" అని డాక్టరమ్మ అడిగితే, "అన్నీ తింటానండి" అంది. పక్కనున్న అత్తగారు ఉండబట్టలేక చెప్పేసింది. "అది మాతోపాటు ఎప్పుడు తింది గనక? పప్పు పిల్లలకీ వాడికీ నాకూ వేస్తుంది. తనకేమో గిన్నె అడుగున మిగిలిన చారూ, పచ్చడి మెతుకులూ. గుడ్లు కొంటే నాలుగే కొంటుంది. నాకు గుడ్డు పడదత్తా అంటది."

ఆ రోజు ఆసుపత్రి వరండాలో మాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఐదుగురికి వండుతోందని మేము మెచ్చుకున్నాం. తిన్నది నలుగురే. ఆ పొదుపు అంతా ఐదో కంచంలోంచి వచ్చింది. మేము చప్పట్లు కొట్టించింది ఆ ఖాళీ కంచానికి.

ఇది ఒక్క ఇంటి సంగతి అయితే ఇలా రాసేవాళ్ళం కాదు. తర్వాతి వారం స్త్రీల కూడికలో ప్రసంగం పక్కనపెట్టి ఒక్క మాట అడిగాం. "నిన్న రాత్రి మీ ఇంట్లో అందరూ ఏం తిన్నారు? మీరేం తిన్నారు?" మొదట నవ్వారు. తర్వాత ఒక్కొక్కరే చెప్పడం మొదలుపెట్టారు. రెండో ప్రశ్నకు జవాబు, మొదటి ప్రశ్నకు వచ్చిన జవాబుతో కలిసిన ఇళ్ళు చాలా తక్కువ. కొందరైతే ఏం తిన్నారో గుర్తే లేదన్నారు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉంది. అంటే ఆరాధనలో ఎడమవైపు కూర్చునే వరసల్లో సగానికి పైగా. రక్తం తగ్గడానికి కారణాలు చాలా ఉంటాయి, తిండి ఒక్కటే కాదు. కానీ తిండి మన చేతిలో ఉన్న కారణం.

కాబట్టి మా అభిప్రాయం సూటిగా చెబుతాం. తక్కువ ఖర్చు వంట మంచిదో కాదో తేల్చేది దాని ఖరీదు కాదు, రుచి కూడా కాదు. వండిన మనిషి కంచంలోకి అది వచ్చిందా లేదా అన్నదే మొదటి లెక్క. రాకపోతే అది పొదుపు కాదు. ఒకరి ఒంట్లోంచి తీసి మిగతావాళ్ళకు వడ్డించడం.

ఇక వంటలు ఎక్కడ వెతకాలి? మన పిల్లలు ఫోన్లో వీడియోలు చూపిస్తారు. వాటిలో మంచివి లేకపోలేదు. కానీ చాలావాటిలో మొదటి నిమిషంలోనే వెన్న, మీగడ, జీడిపప్పు, మన సంతలో దొరకని ఏదో సాసు వచ్చేస్తాయి. "బడ్జెట్ వంట" అని పేరు పెట్టిన వాటిలోనూ నూనె గరిటెలకు గరిటెలు పోస్తారు. అవి చూసి మన ఆడపిల్లలు "మనకు వండుకోవడానికి ఏమీ లేదు" అనుకుంటున్నారు. మనకు ఉంది. మన సంఘంలో డెబ్బై దాటిన మామ్మలు ఉన్నారు. కరువు చూశారు, ఆరుగురు ఏడుగురు పిల్లల్ని పెంచారు. వాళ్ళ దగ్గరికి వెళ్ళి, కూర్చుని, "మామ్మా, ఏమీ లేని రోజు ఏం వండేదానివి?" అని అడగండి. ఒక పూట పడుతుంది వాళ్ళు చెప్పడం అయ్యేసరికి. 2023 జూలైలో టమాటా కిలో 150 రూపాయలు దాటినప్పుడు మన ఇళ్ళల్లో కూరే ఆగిపోయినంత గోల చేశాం. ఒక మామ్మ నవ్వి, "టమాటా ఇంతలా లేని రోజుల్లో మేం పప్పు వండుకోలేదా? చింతపండుంది, మామిడి ముక్క ఉంది, చింతచిగురు ఉంది, గోంగూర ఉంది" అంది. ఆ నెలంతా మేము టమాటా కొనలేదు. లోటూ తెలియలేదు.

ఎవరు చెప్పిన వంటకైనా నాలుగు ప్రశ్నలు వేసుకోండి. దినుసులు మన ఊళ్ళోనో సంతలోనో దొరుకుతాయా? అందులో ఒంటికి బలమిచ్చేది, అంటే పప్పో గుడ్డో చేపో ఆకుకూరో ఉందా? గ్యాసు ఎంతసేపు కాలుతుంది? ముక్క లెక్కన పంచాలా, గరిటెతో పంచవచ్చా? ఈ నాలుగోది మాకు ఆ చెల్లి దగ్గర తెలిసింది. ముక్క లెక్కన పంచే కూర వండినప్పుడు, ముక్కలు చాలకపోతే తగ్గేది అమ్మకే. నాలుగు గుడ్లు ఉడకబెడితే ఐదో మనిషికి గుడ్డు లేదు. అవే నాలుగు గుడ్లు ఆకుకూరలో కలిపి వండితే ఐదుగురికీ సమానంగా గరిటెడు వస్తుంది. ఖర్చు అంతే, గుడ్లు అన్నే. కంచం మాత్రం ఒకటి పెరిగింది.

ఆ వంటే మొదట చెబుతాం. తోటకూర రెండు కట్టలు కడిగి సన్నగా తరగండి. లేత కాడలు పారేయకండి, అవీ తరగండి. రెండు చెంచాల నూనెలో రెండు ఉల్లిపాయలు, నాలుగు పచ్చిమిర్చి, నాలుగు వెల్లుల్లి రెబ్బలు వేగాక, పసుపు, ఉప్పు, తోటకూర వేసి నీరు ఇగిరేదాకా మగ్గనివ్వండి. అప్పుడు నాలుగు గుడ్లు అందులోనే కొట్టి, సన్న మంట మీద కలుపుతూ పొడిపొడిగా అయ్యేదాకా ఉంచండి. దించేముందు చిటికెడు మిరియాల పొడి. ఐదుగురికి ఒక పూట సరిపోతుంది. ఉదయం క్యారేజీకి కూడా బాగుంటుంది.

రెండోది మునగాకు పప్పు. మునగచెట్టు మన పెరళ్ళల్లో, దొడ్ల గోడల పక్కన ఉంది. కాయలకు మాత్రమే చెట్టు పెంచుతున్నాం, ఆకు మేకలకు వేస్తున్నాం. ఆ ఆకులో ఇనుము, కాల్షియం, విటమిన్ ఎ దండిగా ఉంటాయి. పావుకిలో పప్పు తీసుకోండి. కందిపప్పు ధర ఎక్కువగా ఉంటే సగం కంది, సగం పెసర కలపండి. గంట ముందు నానబెడితే గ్యాసు బాగా కలిసొస్తుంది. లేత ఆకు రెండు గుప్పెళ్ళు దూసి, కడిగి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, పసుపుతో కలిపి పప్పులో ఉడికించండి. వెల్లుల్లి, జీలకర్ర, ఎండుమిర్చితో తాలింపు చాలు. పొయ్యి మీద నుంచి దించాక ఒక నిమ్మకాయ పిండండి. నిమ్మరసం రుచికే కాదు, ఆకులోని ఇనుము ఒంటికి పట్టడానికి కూడా సాయపడుతుంది. అన్నం తిన్న వెంటనే టీ తాగే అలవాటు ఉన్నవాళ్ళు ఆ టీని గంట వెనక్కి జరపండి. టీ ఆ ఇనుమును ఒంటికి పట్టనివ్వదు.

పావుకిలో పప్పు అనగానే "అంత పప్పా!" అని కొందరు అనుకుని ఉంటారు. హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో, తృణధాన్యాలు మూడు వంతులకు పప్పుధాన్యాలు ఒక వంతు ఉంటే మంచి మాంసకృత్తులు అందుతాయని చెప్పింది. అంటే ముప్పావు కిలో బియ్యం వండే ఇంట్లో పావుకిలో పప్పు. మన ఇళ్ళల్లో ఏం జరుగుతోంది? కిలో బియ్యానికి గుప్పెడు పప్పు వేసి, నీళ్ళు పోసి చారు చేస్తున్నాం. కడుపు నిండుతోంది గానీ ఒళ్ళు నిండడం లేదు. అన్ని పూటలా కందిపప్పే అక్కర్లేదు. శనగలు, బొబ్బర్లు, పెసలు, ఉలవలు కూడా ఆ లెక్కలోకే వస్తాయి.

అందుకే మూడోది ఉలవలు. ఒక్క గింజతో రెండు వంటలు. పావుకిలో ఉలవలు రాళ్ళు లేకుండా ఏరి, రాత్రి నానబెట్టండి. పొద్దున నీళ్ళు ఎక్కువ పోసి కుక్కర్లో మెత్తగా ఉడికించండి. ఆ నీళ్ళు వడకట్టి పక్కన పెట్టండి, అవే బలం. అందులో గుప్పెడు ఉలవలు మెత్తగా రుబ్బి కలిపి, చింతపండు పులుసు, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కారం, ఉప్పు, చిన్న బెల్లం ముక్క వేసి మరిగిస్తే చారు. హోటల్లో మాదిరి గంటల తరబడి కాచనక్కర్లేదు. మిగిలిన ఉలవలకు ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు తాలింపు పెట్టి, పచ్చి ఉల్లిపాయ ముక్కలు చల్లితే గుగ్గిళ్ళు. సాయంత్రం బడి నుంచి వచ్చే పిల్లలకు, పొలం నుంచి వచ్చే పెద్దలకు అవే పలహారం. పది రూపాయల కుర్కురే ప్యాకెట్లో ఉన్నది ఏంటి, గుప్పెడు గుగ్గిళ్ళలో ఉన్నది ఏంటి, మీరే ఆలోచించండి.

నాలుగోది నీచు తినాలనిపించిన రోజుకి. కోడి మాంసం కొనలేని వారం ఎండు నెత్తళ్ళు కొనండి. డెబ్బై, ఎనభై గ్రాములు చాలు ఐదుగురికి. తలలు గిల్లి, ఉత్త మూకుట్లో కాసేపు వేయించి, వేడి నీళ్ళలో రెండు మూడుసార్లు కడగండి, ఇసుక పోవాలి. అరకిలో వంకాయలు, రెండు ఉల్లిపాయలు నూనెలో మగ్గాక కారం, ఉప్పు, నెత్తళ్ళు, చింతపండు పులుసు పోసి దగ్గరపడనివ్వండి. నెత్తళ్ళలో ఉప్పు ఉంటుంది కాబట్టి ఉప్పు చూసి వేయండి. ముల్లుతో సహా తింటాం గనుక ఎముకలకు కూడా మంచిది. ఇదీ గరిటె కూరే, ఎవరి కంచంలోకి ఎన్ని ముక్కలని లెక్కపెట్టే పని లేదు.

ఇవి కాక పారేసేవాటిలో ఎంతో తిండి ఉంది. బీరకాయ కూర వండినప్పుడు తొక్కులు పారేయకండి. పచ్చిమిర్చి, జీలకర్ర, కాస్త చింతపండుతో వేయించి రుబ్బితే బీరతొక్కు పచ్చడి. గంజి వార్చేవాళ్ళు ఆ గంజి పారబోయకుండా చల్లార్చి, ఉప్పు, మజ్జిగ కలిపి తాగండి. రాత్రి మిగిలిన అన్నంలో నీళ్ళు పోసి ఉంచితే పొద్దున చద్దన్నం, ఉల్లిపాయ నంజుకుంటే ఎండలో పనికి పోయేవాళ్ళకు అంతకంటే చల్లని తిండి లేదు. పెద్దల మాట చద్దిమూట అని ఊరికే అనలేదు.

రేషన్ బియ్యం గురించి కూడా ఒక మాట. కొందరు కిలోకి పదో పదిహేనో తీసుకుని అమ్మేసి, ఆ డబ్బుకు ఇంకా కలిపి సన్నబియ్యం కొంటున్నారు. అన్నానికి ఇష్టం లేకపోతే ఇడ్లీకి, అట్టుకు, జావకు వాడండి, వాటికి లావు బియ్యమే బాగుంటుంది. మేము మొదట్లో గుప్పెడు బియ్యంతో బతికిన రోజుల్లో, ఇరవై ఇళ్ళ బియ్యం ఒకే సంచిలో కలిసేవి. స్వర్ణ, సన్నాలు, రేషన్, అన్నీ కలిపి వండితే సగం చిమిడేవి, సగం పలుకుగా ఉండేవి. అప్పుడు ఒక మామ్మ చెప్పింది, "మరలో రవ్వ పట్టించండి అమ్మగారూ." ఆ రవ్వలో గుప్పెడు పెసరపప్పు వేసి ఉప్పుడుపిండి చేసుకునేవాళ్ళం. అదే మా ఇంట్లో ఇప్పటికీ శనివారం టిఫిను. రేషన్ బియ్యంలో అక్కడక్కడా వేరుగా కనిపించే గింజల్ని చూసి ప్లాస్టిక్ బియ్యం అని ఏరి పారేస్తున్నారు. అవి ప్లాస్టిక్ కాదు. ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 విటమిన్ కలిపి చేసిన బియ్యపు గింజలే. నూటికి ఒక గింజ చొప్పున కలిపినవి. ఆ చెల్లి కూడా వాటిని ఏరి కోళ్ళకు వేసేదట. రక్తం లేని మనిషి రక్తం పట్టే గింజలు ఏరి పారేసింది. తెలియక చేసింది. చెప్పాల్సిన వాళ్ళం మేము, చెప్పలేదు.

చేలగట్ల మీద దొరికే పాయలాకు, పొన్నగంటి కూర పప్పులోకి శ్రేష్ఠం. కానీ మిరప చేలల్లో ఎంత మందు కొడతారో మీకు మాకన్నా బాగా తెలుసు. మందు కొట్టిన చేలగట్టు మీద ఆకు తెంపకండి. పెరట్లో నాలుగు అడుగుల చోటు ఉంటే తోటకూర విత్తనాలు చల్లుకోండి. నెలలోపే కోతకు వస్తుంది.

ఇప్పుడు అన్నలతో, తమ్ముళ్ళతో మాట్లాడాలి. పొదుపు అనగానే మనం వంటింటి వైపు చూస్తాం. పప్పు తగ్గించు, నూనె తగ్గించు అంటాం. కిళ్ళీకొట్టు వైపు, వైన్ షాపు వైపు చూడం. ఒక క్వార్టరు సీసా డబ్బులకు ఆ ఇంటికి కొన్ని పూటలకు సరిపడా గుడ్లు వస్తాయి. తాగని వాళ్ళు కూడా సంతోషపడిపోనక్కర్లేదు. మీ భార్య నిన్న రాత్రి ఏం తిందో మీకు తెలుసా? తెలియకపోతే, ఈ రాత్రి ఆమెతోపాటు కూర్చోండి. ఐదుగురు ఉన్న ఇంట్లో ఐదు కంచాలు ఒకేసారి వడ్డించండి, ఎవరూ ముందు ముద్ద ఎత్తొద్దు. ఇందులో పైసా ఖర్చు లేదు.

మేము కూడా ఈ మాటల నుంచి తప్పించుకోలేం. మీ ఇళ్ళకు ప్రార్థనకు వస్తే మీరు కోడి కోస్తారు. అప్పు తెచ్చి కోసినవాళ్ళూ ఉన్నారని ఇప్పుడు తెలిసింది. మేము తిన్నాం, దీవించాం, వచ్చేశాం. మేము వెళ్ళాక ఆ ఇంట్లో మిగిలిన వారం ఏం వండుకున్నారో అడగలేదు. సారెపతు విధవరాలి కథ చెప్పేటప్పుడు, ప్రవక్తకు ముందు పెట్టింది అనే దగ్గర మేము గొంతు పెంచుతాం. కథ అక్కడ అయిపోలేదు. ఆ తర్వాత చాలా రోజులు ఆమె, ఆమె ఇంటివారు కూడా తిన్నారు. ఆ సంగతి మాత్రం గబగబా చెప్పి దాటేస్తాం. ఇక నుంచి మేము ఇంటికి వస్తే కోడి కోయొద్దు. మీరు ఏం వండుకుంటే అదే పెట్టండి. మీరు కూడా మాతో కూర్చుని తింటేనే మేము ముద్ద ఎత్తుతాం. ఇది మర్యాదకు అంటున్న మాట కాదు, మేము తీసుకున్న నిర్ణయం.

కొందరు పెద్దలు మాతో అన్నారు. "అమ్మ తను తినకుండా పిల్లలకు పెట్టడం త్యాగం కదా, దాన్ని తప్పు పడతారేంటి?" ఆ తల్లి ప్రేమను మేము తప్పు పట్టడం లేదు. కానీ ఉపవాసం వేరు, ఇది వేరు. ఉపవాసం మనం ఎంచుకుని, ఆకలిని దేవుని ముందు పెట్టడం. ఇదేమో ఆకలిని ఇంట్లోవాళ్ళ కంట పడకుండా దాచడం. దాచిన ఆకలి ఒక్క మనిషితో ఆగదు. ఆ చెల్లి కూతురికి తొమ్మిదేళ్ళు. తన గుడ్డులో సగం తమ్ముడికి పెట్టి, "నాకు గుడ్డు పడదు" అంటోందట. ఆ మాట ఎక్కడ నేర్చుకుందో వేరే చెప్పాలా? ఇంకో పదిహేనేళ్ళకు ఆ పిల్ల కూడా ఎక్కడో ఒక ఆసుపత్రి బల్ల మీద "అన్నీ తింటానండి" అని చెబుతుంది. దాన్ని త్యాగం అని పిలిచి మనం ఇంకో తరానికి అప్పగించకూడదు.

ఐదువేల మందికి ప్రభువు ఆహారం పెట్టిన సంగతి మనందరికీ కంఠతా వచ్చు. మేమూ ఎన్నోసార్లు ప్రసంగించాం. ఈమధ్య మళ్ళీ చదువుతుంటే వరస కనబడింది. ముందు అందర్నీ కూర్చోబెట్టారు. తర్వాత పంచారు. అందరూ తృప్తిగా తిన్నాక మాత్రమే మిగిలిన ముక్కలు పోగుచేశారు, పన్నెండు గంపలు. మన ఇళ్ళల్లో ఆ వరస తారుమారైంది. ముక్కలు పోగుచేయడమే ఒక మనిషికి భోజనం అయింది. అరణ్యంలో మన్నా కురిసినప్పుడు కూడా గుడారంలో ఎందరుంటే అందరికీ తలకొక ఓమెరు చొప్పున కొలుచుకోమన్నారు. ఆ లెక్కలో రొట్టె చేసే తల్లి తల కూడా ఉంది.

అందుకే సంఘంగా కొన్ని పనులు మొదలుపెట్టాం. స్త్రీల కూడికలో నెలకు ఒకసారి ఒక మామ్మ తన వంట ఒకటి చేసి చూపిస్తుంది, అందరూ కలిసి తింటాం, వండినామె మొదట. ప్రేమవిందులో ఇకపై వడ్డించేవాళ్ళు మగవాళ్ళు, ఆడవాళ్ళు మొదటి పంక్తి. మీ ఊరి ఆశా కార్యకర్తను అడిగితే ఐరన్ మాత్రలు ఉచితంగా ఇస్తారు, తీసుకుని ఊరికే డబ్బాలో పెట్టుకోకండి. కళ్ళు తిరగడం, ఆయాసం, మనిషి పాలిపోవడం ఉంటే ఆకుకూరలతో సరిపెట్టుకోకుండా ఆసుపత్రికి వెళ్ళి రక్తపరీక్ష చేయించుకోండి. కడుపుతో ఉన్న తల్లులకూ పాలిచ్చే తల్లులకూ అంగన్‌వాడీలో ఇచ్చే గుడ్డు, పాలు మీకోసం ఇచ్చినవి. ఇంటికి తెచ్చి పంచేయకండి. పిల్లలకు బడిలో మధ్యాహ్నం గుడ్డు వచ్చిన రోజు, ఇంట్లో ఉన్న గుడ్డు అమ్మది.

చెల్లి ఇప్పుడు కోలుకుంటోంది. మాత్రలు వాడుతోంది, నిలబడి పాట పాడుతోంది. పోయిన వారం వాళ్ళింటికి ప్రార్థనకు వెళ్ళాం. మునగాకు పప్పు, తోటకూర గుడ్డు, మజ్జిగ. కోడి లేదు. వరండాలో చాప వేసి కంచాలు పెట్టారు. చెల్లి అలవాటు కొద్దీ గరిటె పట్టుకుని నిలబడింది. ఆ తొమ్మిదేళ్ళ పిల్ల లోపలికి వెళ్ళి ఇంకో కంచం తెచ్చి నానమ్మ పక్కన పెట్టి, "అమ్మా, కూర్చో" అంది. చెల్లి కూర్చుంది. ఆ తర్వాతే ప్రార్థన చేశాం.

ఈ రాత్రి మీ ఇంట్లో వడ్డించే ముందు ఒక్కసారి కంచాలు లెక్కపెట్టండి. ఇంట్లో ఎన్ని తలలు ఉన్నాయో అన్ని కంచాలు ఉన్నాయో లేదో చూడండి. ఉంటే దేవునికి స్తోత్రం చెప్పి తినండి. లేకపోతే, ఆ కంచం తెచ్చి పెట్టాకే ప్రార్థన మొదలుపెట్టండి.

ప్రభువు సేవలో,
మీ పాస్టరుగారు, పాస్టరమ్మగారు